కొంగలా సాగిన నెమలి

నీరుగట్టువారిపల్లెలో మగ్గాలు అప్పుడే టకటకమంటున్నాయి. సుశీలమ్మ కాఫీ తాగి మగ్గం ముందు కూర్చుని, నిన్న సగంలో ఆపిన నెమలిని పూర్తిచేసింది. మెడా ఒళ్లూ సాగిపోయి అది అచ్చం కొంగలా ఉంది.

"యమునా, ఇట్రా! ఏందమ్మా ఇది?"

భర్త కదిరప్ప ఇరవై ఏళ్లపాటు గళ్ల కాగితం మీద చేత్తో డిజైన్లు గీశాడు. కంప్యూటర్ డిజైనింగ్ నేర్చుకుంటున్న కూతురు యమున ఈసారి తానే గీసి ప్రింటు తెచ్చింది. ఆ గళ్లు చూసే, మగ్గంలో బొమ్మ తెచ్చే జాకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టించారు. ఈ నమూనా నచ్చితేనే పుంగనూరు షాపువాళ్లు ఏడాదంతా పనిస్తారు. లేకపోతే మగ్గం ఆగిపోతుంది, పూట గడవదు.

పది గంటలకల్లా షాపు మనిషి మునెప్ప రానే వచ్చాడు.

"ఏం కదిరప్పా, నెమలి కొంగ మాదిరి సాగిపోయిండాదే! చిన్నపిల్ల చేతికిస్తే ఇట్లే ఉంటాది" అని పెదవి విరిచాడు.

కదిరప్ప తల దించుకున్నాడు. "అవునప్పా. కంప్యూటరు వద్దంటే వినలా."

యమునకు ఒళ్లు మండింది. "నీకు సూపిచ్చినా కదా నాయనా! అంతా సరిగ్గా ఉండాదని నువ్వే కదా అనింది?" అని ప్రింటు తండ్రి చేతిలో పెట్టింది. "యాడ తప్పుండాదో ఇప్పుడు సెప్పు!"

కదిరప్ప కాగితాన్ని కళ్లకు ఆనించుకున్నాడు. కాగితంలో నెమలి తలకిందులుగా ఉంది. ఆయన తిప్పలేదు.

పాపం, అప్పుడర్థమైంది యమునకు.

"తప్పు నాదే మునెప్పా" అన్నాడాయన. "మా మగ్గానికి గడి నిలువు కాస్త ఎక్కువుండాల. పిల్ల నాలుగు పక్కలా సమానంగా గీసినట్టుంది. కండ్లుంటే సూడంగానే పట్టేవాణ్ణి."

మునెప్ప జాలిపడ్డాడు గానీ, షాపు పని వేరేవాళ్లకిస్తామని చెప్పి వెళ్లిపోయాడు.

సుశీలమ్మ కూలబడింది. "ఇన్నాళ్లూ యాల సెప్పలేదయ్యా?"

"సూపు మెల్లిగా తగ్గతా వచ్చింది. సెప్తే పని పోతాదని."

"పోయింది కదా నాయనా" అంటూ యమున ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుంది. "ఇంగన్నా నిజం సెప్పు. నేనన్నా కనపడతాండానా?"

కదిరప్ప చెయ్యి చాపి కూతురి చెంప తడిమాడు.

"లేదమ్మా. ఏడుస్తాండావని మాత్రం తెలస్తాంది."