విత్తనాల గదిలో మాయమైన ఎనిమిదో వంతు

వేసిన తాళం వేసినట్టే ఉంది. గోనెల కుట్టు ఊడలేదు. ఎలుక కొరికిన జాడ కూడా లేదు. అయినా మూడు గోనెల్లోనూ వడ్లు తగ్గాయి.

కోటబొమ్మాళి దగ్గర పల్లె అది. ముగ్గురు రైతులు విత్తనాల వడ్లు ఒకే గదిలో దాచుకున్నారు. తాళం చెవి ఆ గది చూసుకునే తవిటమ్మ దగ్గర ఉంటుంది. నారుమడికని పొద్దున్నే గోనెలు విప్పి కుంచం పాత్రతో కొలిస్తే లోటు బయటపడింది. ఆ ముగ్గురిలో నాగబాబుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరితోనూ అనకుండా పోలీసులకి ఫోన్ కొట్టేశాడు.

ఎస్సై శైలజ జీపు దిగేసరికి, పెద్దరైతు అసిరయ్య తవిటమ్మ ఇల్లంతా వెతికించేశాడు కూడా! కోడలు చూస్తుండగానే తవిటమ్మ పెట్టె బోర్లించారు. చీరలు వీధరుగు మీద కుప్పగా పడున్నాయి.

"ఎవరు వెతకమన్నారు?"

అసిరయ్య ముందుకొచ్చాడు. "తాళం దానికాడే ఉన్నాది మేడమ్. మరెవుల్ని అనుమానిస్తాం?"

"వడ్లు దొరికాయా?"

"నేదు. అమ్మేసుంటాది."

"నాను గింజ ముట్టనేదు బావా! నా బిడ్డల మీదొట్టు!" తవిటమ్మ చీరలు ఏరుకుంటూ అంది.

కేసు నిలిచినా నిలవకపోయినా, ఇక ఆ వీధిలో ఆమె దొంగే. పాపం, ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఎవరివి ఎంత తగ్గాయి?" శైలజ అడిగింది.

"నా ఎనిమిది కుంచాల్లో ఒకటి," అన్నాడు నాగబాబు.

"నా పన్నెండులో ఒకటిన్నర," అంది మూడో రైతు కూర్మమ్మ.

"నా పదహారులో రెండు," అన్నాడు అసిరయ్య.

శైలజ మనసులోనే లెక్క వేసింది. మూడింటిలోనూ ఎనిమిదో వంతే!

ఆమెకి అక్కడే అనుమానం తగిలింది. దొంగ చేతికందినంత తీసుకుంటాడు గానీ, గోనె గోనెకీ లెక్క కట్టి ఎనిమిదో వంతే తీస్తాడా? తీసి మళ్లీ కుడతాడా?

"వడ్లు ఎండి తగ్గాయేమో?"

"బాగా ఎండబెట్టాకే కొలిసి కట్టాం," అంది కూర్మమ్మ.

"అప్పుడు కొలిచిందెవరు?"

"నానే," అన్నాడు అసిరయ్య.

"ఇవాళ?"

"నానే. అదే కుంచంతో."

నాగబాబు చూపు అసిరయ్య మీదికి తిరిగింది. "ఏటి మావా, నువ్వు గాని..."

"ఒరే! నావీ పోనాయి కదరా!"

"గొడవ ఆపండి. నాగబాబు వడ్లు మళ్లీ కొలవండి," అంది శైలజ.

అసిరయ్య కుంచం నింపాడు. అంచు దాటాక కూడా పోశాడు. పైన కుప్ప లేచింది. అలాగే ఎత్తబోయాడు.

"ఆగండి. పైకుప్ప తీసేసి తల కొట్టరా?"

"ఇత్తనాలు మడికి తీసినప్పుడు తల కొట్టకూడదు మేడమ్. పంట రాదు."

"దాచినప్పుడు?"

"అప్పుడు కొట్టే కొలిసాను. దాసుకోడానికే గదా..." అసిరయ్య నోరు అక్కడే ఆగిపోయింది.

శైలజ ఒక కర్ర అందుకుంది. కుంచం మీద అడ్డంగా లాగి, పైకుప్పని ఖాళీ గంపలోకి తోసింది. అలా ఏడు కుంచాలూ తల కొట్టించింది. గంపలో పడిన వడ్లని చివర్న కుంచంలో పోసింది. అంచుదాకా సరిగ్గా నిండింది.

"ఇదిగో మీ ఎనిమిదో కుంచం."

నాగబాబు తల గోక్కున్నాడు. "పైకుప్ప కుంచంలో ఏడో వంతున్నాది. మరి పోయింది ఎనిమిదో వంతని ఎలాగొచ్చినాది?"

"ఏడు కుంచాల మీది ఏడు కుప్పలూ కలిస్తే ఒక కుంచం. ఏడూ ఒకటీ ఎనిమిది. ఆ ఎనిమిదిని మీరు ఏడుగా కొలిచి, ఎనిమిదిలో ఒకటి పోయిందన్నారు. మిగతా రెండు గోనెల్లోనూ ఇదే జరిగింది. దొంగ లేడు, దొంగతనమూ లేదు."

అసిరయ్య తల వంచుకున్నాడు. "తవిటమ్మా, తప్పైపోనాదే. ఇకముందూ ఇత్తనాలు నువ్వే సూసుకో."

తవిటమ్మ ఒక్కో చీరా దులిపి మడత పెడుతోంది. తల ఎత్తలేదు.

"నాను ముట్టనేదని బిడ్డల మీద ఒట్టేసినాను. మీరొక్కులూ నమ్మనేదు. కుంచం సెప్పినాకే నమ్మినారు. మీ ఇత్తనాలు మీ ఇళ్లలోనే పెట్టుకోండి బావా."

చీరలు చంకన పెట్టుకుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది.