నీలం కేక్

తెల్లవారేసరికి పత్తిచేల మీద పొగమంచు తేలుతోంది. దూరాన స్టేడియం దీపస్తంభాలు సగం కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డ రాయ్స్‌కి ఆ మంచులోంచి కొడుకు నీలం జెర్సీలో పరుగెత్తుకుంటూ వస్తున్నట్టే ఉంది. నిద్ర లేచాడు గానీ, కల మాత్రం మనిషిని వదల్లేదు.

ఆ కల వయసు ఇరవై ఆరేళ్లు. అప్పట్లో ఆ నీలం జెర్సీల పెద్ద యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ జట్టులోకి అతన్నీ పిలిచింది. హైస్కూల్ ఆఖరి ఆటలో మోకాలు విరిగింది. వాళ్లిచ్చిన నీలం క్యాప్ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు కొడుకు కోల్బీని మించిన ఆటగాడు చుట్టుపక్కల టెక్సాస్ ఊళ్లలో లేడు. ఈరోజు పది గంటలకి స్కూల్ జిమ్‌లో, ఊరందరి ముందు, బల్లమీద పెట్టిన కాలేజీల క్యాపుల్లో ఒకటి పెట్టుకుని వాడు ఏ కాలేజీలో చేరతాడో చెప్పాలి.

"కేక్ నీలంగానే చెయ్యమన్నానులే," అన్నాడు రాయ్స్.

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే కేక్‌కి రంగా!" అంది భార్య డార్లా, గ్రేవీ కలుపుతూ. "వాడు నోరు విప్పాడా అసలు?"

కోల్బీ అప్పుడే లోపలికొచ్చాడు. బూట్లనిండా పేడ.

"ఈరోజు కూడా దూడల దగ్గరికేనా?" అన్నాడు రాయ్స్.

"పక్కింటి ఆవుకి దూడ అడ్డం తిరిగింది నాన్నా. నేనే లాగాను. బతికింది." వాడి మొహం ఇంకా వెలిగిపోతోంది. "నాన్నా, నేను పశువుల డాక్టర్నవుతాను. నీ యూనివర్సిటీ కోచ్ ఆ క్లాసులు ప్రాక్టీసుకి అడ్డమట, తేలిక చదువేదైనా చూసుకోమన్నాడు. మన పక్కూరి చిన్న కాలేజీలో రెండూ కుదురుతాయి."

"ఎనభై వేలమంది చూసే ఆట వదిలేసి ఆవుల తోకలు పట్టుకుంటావుట్రా? నేనైతే పాకుతూనైనా పోయేవాణ్ణి!"

"నువ్వైతే! అదే కదా నాన్నా, నువ్వైతే!"

 గ్రేవీతో తినాల్సిన వేడి బిస్కెట్ రొట్టెలు అలాగే చల్లారిపోయాయి.

జిమ్‌లో బ్యాండు మోగుతోంది. బల్లమీద పక్కూరి కాలేజీ పచ్చ క్యాపు, పెద్ద యూనివర్సిటీ నీలం క్యాపు. నీలంది కొత్తది కాదు. తను దాచుకున్న పాతదాన్నే రాయ్స్ పొద్దున తెచ్చి అక్కడ పెట్టాడు. కోల్బీ దాన్ని గుర్తుపట్టి, చేతిలోకి తీసుకున్నాడు. జనం ఒక్కసారిగా కేక పెట్టారు. రాయ్స్ కళ్లు మసకబారాయి.

కోల్బీ బల్ల దాటి ముందు వరసలోకి వచ్చాడు. ఆ క్యాపుని తండ్రి తలకి మెల్లగా తొడిగాడు.

"ఇది నీది నాన్నా. నువ్వే పెట్టుకోవాలి."

వెనక్కి వెళ్లి పచ్చ క్యాపు పెట్టుకున్నాడు.

రాయ్స్‌కి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్లూ బిడ్డ చేత మోయించింది తన విరిగిన మోకాలినేనని అప్పటికి తెలిసొచ్చింది. కుంటుకుంటూ వెళ్లి, బల్ల పక్కన పెట్టించిన నీలం కేక్ కోసి, మొదటి ముక్క కొడుక్కి అందించాడు.

"రంగు తప్పిందిరా."

"తియ్యగానే ఉంది నాన్నా," అన్నాడు కోల్బీ, మూతినిండా నీలంతో.

రాయ్స్ ముక్కు తుడుచుకున్నాడు.

"ఇంతకీ ఆ దూడ... పెయ్యా, కోడెదూడా?"