జోడీ పేరు

కాకినాడ సముద్రపు గోడ మీద నడిచే ట్రాములో ఆ రోజుల్లో సగం మంది మణికట్లు మెరుస్తూ ఉండేవి. పసుపు వెలిగితే మందు పడటం లేదని, డాక్టరుకి ఓ మాట చెప్పమని. ఎరుపు వెలిగితే ఉన్నపళంగా ఆస్పత్రికి వెళ్ళమని. ఈ సంగతి బడిపిల్లలకి కూడా తెలుసు. అయినా ఎరుపు వెలుగుతున్న పెద్దమనిషి చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చునేవాడు.

ఆ వెలుగు పేరు మందుకావలి. చర్మం కింద బియ్యపుగింజంత సెన్సర్, మింగిన మందు ఒంట్లో ఏం చేస్తోందో రక్తంలోంచి చదువుతుంది. నాలుక వాచబోతున్నా, కాలేయం దెబ్బతింటున్నా, కడుపులో ఎక్కడో రక్తం కారుతున్నా మనిషి కంటే ముందు దానికే తెలుస్తుంది. డాక్టర్ హంసిని తన వయసంతా దానికే ధారపోసింది. తీరా తయారయ్యాక జనం దానిలో మెచ్చుకున్నది ఒక్కటే, ‘తర్వాత చూద్దాం’ అనే మీట.

మందు వికటించి చనిపోయినవాళ్ళ కావళ్ళు హంసిని దగ్గరికి పరీక్షకి వచ్చేవి. ప్రతిదీ సరిగ్గానే హెచ్చరించింది. ప్రతిదాని నోరూ ఆ మీటతోనే నొక్కేశారు. ఒకరోజు హంసినికి విసుగొచ్చి, కావళ్ళన్నిటినీ నడిపే మూలయంత్రాన్ని నిలదీసింది.

“వీళ్ళెందుకు వినరు?”

“చెబితే ఇంట్లోవాళ్ళు కంగారు పడతారంటున్నారు,” అంది యంత్రం. “ఇంట్లోవాళ్ళకి ఎరుపు వెలిగితే మాత్రం చెప్పులైనా వేసుకోకుండా పరిగెడుతున్నారు.”

అందులోంచి పుట్టింది జోడీ కావలి. హంసిని దగ్గర ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న ఇంజనీరు కరీమా దాన్ని తయారుచేసింది. ప్రతి మనిషీ ఒక జోడీ పేరు రాయాలి. నాకు ప్రమాదమొస్తే వెలుగు నా చేతి మీద కాదు, నా జోడీ చేతి మీద వెలుగుతుంది. తర్వాత చూద్దామనే మీట తీసేశారు. జోడీ స్వయంగా చూసి ‘బాగానే ఉంది’ అంటేనే వెలుగు ఆరుతుంది. ఎదుటివాళ్ళ ప్రాణం విషయంలో ఎవరు అబద్ధమాడతారని వాళ్ళ ధీమా.

అది పనిచేసింది. అత్తని కోడలు, పక్కింటాయన్ని పక్కింటాయన ఆస్పత్రులకి లాక్కెళ్ళారు. చావులు తగ్గాయి. హంసినికి శాలువాలు కప్పారు, ఆవిడ వాటిని బీరువాలో కుక్కి మళ్ళీ పనిలో పడింది. అలసట మాత్రం తగ్గలేదు. డాక్టరు బీపీ మాత్ర మార్చాక పొడిదగ్గు కూడా పట్టుకుంది. ఏసీ పడటం లేదని అందరికీ చెప్పింది.

ఒక ఉదయం ప్రయోగశాలలో పనిచేసుకుంటుంటే పై పెదవి బరువుగా అనిపించింది. అంతలో మణికట్టు ఎర్రగా వెలిగింది.

“మీ జోడీకి ప్రమాదం,” అంది కావలి. “పేరు హంసిని. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.”

జోడీ పేరు రాయాల్సిన చోట హంసిని తన పేరే రాసుకుంది. ఉన్న ఒక్క చెల్లెలు రాజమండ్రిలో ఉంటుంది, అసలే కంగారు మనిషి. ఎవర్నో ఇబ్బంది పెట్టడం ఎందుకు, కాపాడే విద్య తెలిసినదాన్ని నేనే కదా అనుకుంది.

“మీ జోడీ ఎలా ఉన్నారు? చూసి చెప్పండి.”

అద్దం పక్కనే ఉంది. ఆవిడ అటు చూడలేదు. ఈ నివేదిక అయిపోతే వెళ్దాంలే అనుకుంది.

“బాగానే ఉంది,” అంది. మాట ముద్దగా వచ్చింది.

వెలుగు ఆరిపోయింది.

టీ తీసుకుని లోపలికొచ్చిన కరీమా ఆ మొహం చూసి కప్పు కింద పెట్టేసింది. పెదాలు ఉబ్బిపోయాయి, ఊపిరి తీస్తుంటే గొంతులో ఈల వినిపిస్తోంది. ఏమైందని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు. అంబులెన్సుకి కబురు చేసి, ఆవిడ రెక్క పట్టుకుని లేవదీసింది. దారి పొడవునా హంసిని అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపుతూనే ఉంది.

గొంతులో గొట్టం వేయాల్సిన పరిస్థితి తృటిలో తప్పింది. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, కోపం దాచుకోలేకపోయాడు. “దగ్గు మొదలైనప్పుడే ఓ ఫోన్ చేస్తే మాత్ర మార్చేవాళ్ళం కదా మేడం. పెదవో నాలుకో వాచాక ఒక్క నిమిషం కూడా ఆగకూడదని మాకు పాఠం చెప్పింది మీరే.”

హంసిని సిగ్గుపడింది. ఇంత సిగ్గు జీవితంలో ఎప్పుడూ పడలేదు. సాయంత్రం వాపు తీశాక, తనలాగా తమ పేరే రాసుకున్నవాళ్ళు ఇంకెందరున్నారని మూలయంత్రాన్ని అడిగింది.

“చాలామంది. పేర్లు చదవమంటారా?”

వద్దంది. ఓపిక లేదు.

మంచం పక్కన కరీమా జోడీ పేర్లు నమోదు చేసే పలక తెరిచి కూర్చుంది. “మీ జోడీగా ఎవరి పేరు రాయమంటారు?”

ఎవర్నీ ఇబ్బంది పెట్టకన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. “నీ పేరు రాయి,” అంది. కరీమా రాసుకుంది. రాస్తుంటే ఆమె వేళ్ళు వణకడం, కళ్ళు పచ్చబడి ఉండటం అప్పుడు కనిపించాయి హంసినికి. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నా చూడలేదు.

“మరి నీ జోడీ ఎవరు కరీమా?”

“ఉన్నార్లెండి మేడం,” అంది కరీమా, కుర్తా చెయ్యి మణికట్టు మీదికి లాక్కుంటూ. పల్చటి గుడ్డ. లోపలి ఎరుపు దాగలేదు.