దొంగ సైగ

మనసులో లెక్క పెట్టుకోవడం మోసం కిందికి వస్తుందా? ఈ సందేహం మిరెన్‌ను పదేళ్ళ వయసు నుంచీ వదలలేదు.

ఆమె తండ్రి పెయోకి అమెరికాలోని రీనోలో రైలు పట్టాల పక్కన ఒక భోజన హోటలు ఉంది. స్పెయిన్ వైపు నుంచి వలస వచ్చి కొండల్లో గొర్రెలు కాసే బాస్కులు ఊళ్ళోకి వస్తే అదే వాళ్ళ ఇల్లు. భోజనాలయ్యాక ముస్ ఆడేవారు. ఇద్దరిద్దరు జట్టుగా ఆడే పేకాట అది. అవతలివాళ్ళ కళ్ళుగప్పి జతగాడికి ముఖంతో సైగ చేయవచ్చు. ఆ ఆటలో అది న్యాయమే. కింది పెదవి కొరికితే చేతిలో రెండు రాజులున్నట్టు. నాలుక కొస కనిపిస్తే రెండు ఆసులు. కళ్ళు మూసుకుంటే చేతిలో ఏమీ లేనట్టు.

"దాచుకో తల్లీ, తప్పులేదు. లేనిది ఉన్నట్టు మాత్రం సైగ చెయ్యకు. దొంగ సైగ చేసినవాడికి మన బల్ల దగ్గర కుర్చీ లేదు," అనేవాడు పెయో.

మరి లెక్క సంగతి? పడిపోయిన ముక్కల్ని గుర్తుపెట్టుకుంటే పాపమా? చర్చిలో ఫాదర్‌ని అడిగింది.

"దేవుడు బుర్ర ఇచ్చింది వాడుకోమనే కదా," అన్నాడాయన. తర్వాత నవ్వేసి, "అయినా నన్నడుగుతావేంటమ్మా? నేను ప్రతి ఆటా ఓడిపోయేవాణ్ణి," అన్నాడు.

సందేహం సందేహంగానే ఉండిపోయింది. ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి మిరెన్ అదే ఊళ్ళో ఒక కాసినోలో బ్లాక్‌జాక్ అనే పేకాటకు ముక్కలు పంచే డీలరైంది. ఉదయం షిఫ్టు. నాలుగో టేబులు.

1979 జనవరిలో ఒక శుక్రవారం, బయట మంచు కురుస్తోంది. పొద్దున్న పదింటికి గొడుగంత టోపీ పెట్టుకున్న యువకుడొకడు తూలుతూ వచ్చి ఆమె ఎదుట కూలబడ్డాడు.

"నా పేరు బక్. టెక్సాస్‌లో నాలుగు వేల పశువులున్నాయి నాకు. నీ పేరేంటి సుందరీ?"

"బ్యాడ్జీ మీద ఉంది. చదవడం వస్తే చదువుకోండి."

"చదువుదామనే చూశా. కళ్ళు మొహం దగ్గరే ఆగిపోయాయి."

"అలాగైతే ముక్కలేం చూస్తారు? పందెం పెట్టండి ముందు."

అతను కన్ను కొట్టాడు. ముస్‌లో కన్ను కొడితే చేతిలో ముప్ఫై ఒకటి ఉన్నట్టు, అన్నిటికన్నా మంచి లెక్క. ఇక్కడ కొడితే ఏమిటో మిరెన్‌కి అర్థం కాలేదు.

అరగంటలో అతని గ్లాసు ఒలికింది. "అయ్యో, నా జిన్!" అని పెద్దగా వాపోయాడు. ఆమె తువ్వాలుతో తుడిచింది. నిమ్మకాయ వాసన తప్ప మందు వాసన రాలేదు.

అప్పటి నుంచి ఆమె అతన్ని గమనించసాగింది. చిన్న ముక్కలు ఎక్కువగా పడిపోతే పేకలో పదులూ రాజులూ ఆసులూ మిగులుతాయి. అప్పుడు ఆటగాడిది పైచేయి. లెక్కపెట్టేవాడు సరిగ్గా అప్పుడే పందెం పెంచుతాడు. అది చట్టం దృష్టిలో నేరం కాదు గానీ, అనుమానం వస్తే కాసినో వాళ్ళు గుమ్మం చూపిస్తారు. అందుకే అలాంటివాళ్ళు తెలివితక్కువగా కనబడటానికి నానా తంటాలూ పడతారు.

మిరెన్‌కి లెక్క చిన్నప్పటి అలవాటు, మానుకుందామన్నా మానలేదు. పేకలో పెద్ద ముక్కలు మిగిలినప్పుడల్లా ఈ బక్ కింది పెదవి కొరికేవాడు. తర్వాత పందెం పెంచేవాడు. దాంతో పాటు ఆమె కోసమని డబ్బుకు బదులు వాడే చిప్ ఒకటి ముందుకు జరిపేవాడు. గెలిస్తే అది ఆమె టిప్పు.

అక్కడే దొరికిపోయాడు. తాగినవాడు గెలిచాక టిప్పిస్తాడు. ఇతను గెలిచే అవకాశం ఉన్నప్పుడే ఆమె పేరున పందెం కాస్తున్నాడు. ఆమె కూడా గెలవాలని కాబోలు! మంచితనమే మనిషిని పట్టిస్తుందా అని ఆమెకు నవ్వొచ్చింది.

పై అధికారికి చెప్పాలి. లేదా అతను పందెం పెంచగానే లెక్క చెడిపోయేలా పేక మళ్ళీ కలిపేయాలి. ఆమె ఆ రెండూ చేయలేదు. ఎందుకు చేయలేదని ప్రార్థనలో తననే తాను అడిగింది.

అతను ప్రతి శుక్రవారం, శనివారం వచ్చేవాడు. పొగడ్తలు, పాటలు, పెళ్ళి ప్రస్తావనలు.

"మన పెళ్ళికి పశువులన్నిటినీ పిలుస్తా."

"మీ తరఫు చుట్టాలు సరే, మా తరఫు వాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?"

మూడో వారం శుక్రవారం ఆమెకు ఒక సంగతి తట్టింది. టేబుళ్ళ మీద పెత్తనం చేసే సూపర్‌వైజర్ ఫ్లాయిడ్ బూట్లు దగ్గరైతే అతనికి ప్రేమ పొంగుతోంది. బూట్లు దూరమైతే చల్లారుతోంది. అంటే ఆ ప్రేమంతా ఫ్లాయిడ్ కోసం కట్టిన వేషం. ఆమె అడ్డుతెర.

ఆ రోజు ఇంటికెళ్ళి ఉల్లిపాయలు కోస్తూ వేలు కోసుకుంది.

మర్నాడు మూడో టేబులు దగ్గర ఏదో గొడవ. ఫ్లాయిడ్ అటు వెళ్ళాడు. బక్ ఆమె చేతి వంక చూశాడు. "వేలికి ఏమైందండీ?" అన్నాడు నెమ్మదిగా. టెక్సాస్ యాస లేదు, తూలడం లేదు.

"కత్తి గీసుకుంది."

"లోతుగానా?"

"ఆడండి."

అతను పందెం పెంచాడు. పేకలో మిగిలినవన్నీ చిన్న ముక్కలే. ఓడిపోయాడు. మళ్ళీ పెంచి మళ్ళీ ఓడాడు. మిరెన్‌కి ఆ రోజంతా మనసు స్థిమితంగా లేదు. తన వేలు చూసి లెక్క తప్పాడా? లేక అనుమానం రాకుండా కావాలనే ఓడాడా? లెక్కపెట్టేవాళ్ళు అలాగూ చేస్తారని ఆమెకు తెలుసు. ఒకే ముఖం, రెండు అర్థాలు. ఏది నిజమని ఎవరిని అడగాలి?

ఆరో వారం శుక్రవారం షిఫ్టు మొదట్లోనే ఫ్లాయిడ్ ఆమెను పక్కకు పిలిచాడు.

"ఏమ్మా మిరెన్, ఆ టోపీవాడు ఎప్పుడొచ్చినా నీ టేబులే పడతాడే? ప్రేమా, లెక్కా?"

ఆమె బ్యాడ్జీ సరిచేసుకుంది.

"ఇవాళ అతని ముందే అడుగుతా, చెప్పు. లెక్కయితే ఫొటో తీసి పంపించేస్తాం. నువ్వు తెలిసీ దాచావని తేలితే, నీ ఉద్యోగం కూడా పోతుందమ్మా. ఆ పైన నా చేతుల్లో ఏముండదు."

బక్ వచ్చాడు. పెదవి కొరికాడు, పందెం పెంచాడు. మిరెన్ పేక మొత్తం తీసి కలిపేసింది. కాసేపటికి మళ్ళీ పెంచాడు. మళ్ళీ కలిపింది. మూడోసారికి అతని ముఖం పాలిపోయింది.

"నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అన్నాడు మామూలు గొంతుతో.

"మీరు చేసేవన్నీ దొంగ సైగలే. నాకు కన్ను కొడతారు, చెవి మాత్రం ఫ్లాయిడ్ గారి బూట్ల మీద ఉంటుంది. లెక్క పెట్టుకోండి, అది మీ బుర్ర. నన్నెందుకు తెర చేసుకున్నారు?"

అతను నోరు తెరిచేలోగా బూట్లు వచ్చేశాయి.

"చెప్పమ్మా," అన్నాడు ఫ్లాయిడ్. "ఏంటితను?"

నిజం చెబితే అతన్ని గెంటేస్తారు. తాగుబోతు అంటే అది దొంగ సైగ. పాపం ఎటువైపు తక్కువో ఆమెకు తేలలేదు.

"ఆవిణ్ణి అడక్కండి," అన్నాడు యువకుడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నేను లెక్కపెట్టేవాణ్ణే. పశువులూ లేవు, టెక్సాసూ లేదు. నా పేరు వెండెల్. శాక్రమెంటోలో పియానోలు శ్రుతి చేస్తాను."

ఫ్లాయిడ్ టోపీని వేలితో తిరగేశాడు. "ఇరవై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నా. ఒక్కడూ ఇలా తనంతట తానే చెప్పలేదు. పిచ్చా నీకు? మరి ఆ ప్రేమ?"

"మొదటి రెండు వారాలు వేషం. మూడో వారం నుంచి నిజం. వేలికి కట్టు చూడగానే లెక్క తప్పింది. డెబ్భై డాలర్లు పోయాయి."

"నిన్న పొగిడింది కూడా నిజమేనా?"

"నిన్న నేను రాలేదు సార్."

"పరీక్షకే అడిగాలే, నిజమే చెబుతున్నావ్. పద, ఫొటో తీయించుకుందువు గాని." ఫ్లాయిడ్ మిరెన్ వైపు తిరిగాడు. "నువ్వు పేక మూడుసార్లు కలపడం నేను చూశాలేమ్మా. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

అంతకు ముందు ఐదు వారాలు కలపలేదన్న సంగతి ఆయన అడగలేదు. ఆమె దాచుకుంది.

వెళ్ళబోతూ వెండెల్ ఆగాడు. కన్ను కొట్టలేదు. "ఇక్కడికి నన్ను మళ్ళీ రానివ్వరు. మీరింకెక్కడ కనిపిస్తారు?"

మిరెన్ పేక కలుపుతూ, తలెత్తకుండా అంది: "ఆదివారం చర్చి అయ్యాక మా నాన్న హోటల్లో భోజనాలు. పొడుగు బల్ల. ఎవరైనా కూర్చోవచ్చు. వేషం వేసుకుని మాత్రం రాకండి."

ఆదివారం సన్నటి వాన. వెండెల్ తడిసిన జుట్టుతో వచ్చాడు. బల్ల చివర పెయో, ఆయన పక్కన పాత గొర్రెల కాపరి గ్రాస్యెన్. పెయో తల మీద అరిగిపోయిన నల్ల ఉన్ని టోపీ.

"మా అమ్మాయిని తెర చేసుకున్నది నువ్వేనా?"

"నేనేనండీ."

"దొంగ సైగ చేసినవాడికి ఇక్కడ కుర్చీ లేదు. తెలుసా?"

"తెలుసండీ. అందుకే నిలబడ్డాను."

గ్రాస్యెన్ కిసుక్కున నవ్వాడు. "ఒక ఆట ఆడించవోయ్. మనిషి ముక్కల దగ్గర తెలిసిపోతాడు."

మిరెన్, నిలబడే ఉన్న వెండెల్ ఒక జట్టు; పెయో, గ్రాస్యెన్ ఇంకో జట్టు. సైగలన్నీ ఆమె అప్పటికప్పుడు నేర్పింది. ఏళ్ళ తరబడి ముఖం దాచుకుని బతికిన మనిషికి చూపించడం చేతకాలేదు. చెడ్డ ముక్కలు వచ్చినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుని, అందరూ చూసేదాకా అలాగే ఉండిపోయేవాడు.

"కళ్ళు తెరవండి మహానుభావా," అంది మిరెన్. "జతగాడికి చెప్పమన్నా, ఊరంతటికీ కాదు."

"నిజమే కదా చెప్పాను?"

"నిజం కూడా కొంచెం దాచుకోవాలి."

ఘోరంగా ఓడిపోయారు. గదంతా నవ్వింది, పెయో తప్ప.

"నాన్నా," అంది మిరెన్. "ఒకసారి దొంగ సైగ చేసి, తనే ఒప్పుకున్నవాడు మళ్ళీ కూర్చోవచ్చా? నాకు తెలియక అడుగుతున్నా."

పెయో ముక్కలు సర్దాడు, మళ్ళీ చెదరగొట్టాడు. కూతురి ముఖం చూశాడు, నిలబడే ఉన్న వెండెల్‌ని చూశాడు. కాలితో ఒక కుర్చీని అతని వైపు తోశాడు.

"కూర్చో అబ్బాయ్. నిన్ను నిలబెట్టి నేను కూర్చోవడం బాగాలేదు."

తర్వాత తల మీది టోపీ తీసి గ్రాస్యెన్ ముందు పెట్టాడు.

"పంతొమ్మిది వందల అరవైలో పండగ ఆట గుర్తుందా? నీ టోపీ పందెం, నేను గెలిచా. ఆ రోజు నా చేతిలో ఆసులు లేవు గ్రాస్యెన్. నువ్వు చూస్తున్నావని తెలిసే నాలుక చూపించాను."

గ్రాస్యెన్ టోపీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తెలుసు," అన్నాడు. "నాలుగు ఆసుల్లో మూడు నా చేతిలోనే ఉన్నాయి."

"మరి పందొమ్మిదేళ్ళూ ఒక్క మాటైనా అనలేదేంరా?"

"నువ్వు చెబుతావేమోనని చూశా."

గ్రాస్యెన్ టోపీ తల మీద పెట్టుకుని, చెవుల దాకా లాక్కున్నాడు.