మేనేజర్ గారూ, దయచేసి దిగండి

"ఈ పేరు పీకేయాలండి," అంటూ అతను జెర్సీని కౌంటర్ మీద పడేశాడు.

దర్జీ అమ్మాయి మిషను ఆపి జెర్సీ తిప్పి చూసింది. వీపు మీద గోల్‌కీపర్ పేరు ఉంది. దాని చుట్టూ అంతకుముందు పీకేసిన పేర్ల సూదిపోట్లు.

"ఇది నాలుగో పేరా?"

"ఐదోది. ఒకటి నేనే బ్లేడుతో పీకాను. ఆ చిల్లు దానిదే."

"గుడ్డ పలచబడిపోయింది. ఇంకో పేరు కుడితే ఆగదు. వేరేది కొనుక్కోండి."

"మా ఫుట్‌బాల్ టీము కూడా ఇలాగే ఉందండి. దాన్ని మార్చుకోగలనా?"

అతను లిఫ్టులు రిపేరు చేస్తాడు. పక్క వీధిలోనే ఆఫీసు. చొక్కా జేబు మీద గ్రీజు, భుజాన పనిముట్ల సంచి, రాత్రి సరిగ్గా నిద్రలేని కళ్ళు. ముందురోజు టీము మళ్ళీ ఓడిపోయింది.

"ఇప్పుడు ఎవరి పేరు పెట్టమంటారు?"

"అదే తెలియడం లేదు. నేను ఎవరి పేరు పెట్టుకుంటే వాణ్ణి పంపించేస్తున్నారు. ఉన్న ఒక్క మంచి గోల్‌కీపర్‌ని సీజన్ మధ్యలో అమ్మేశారు. తెచ్చిందెవర్ని? ముప్పై ఎనిమిదేళ్ళ ఫార్వర్డ్‌ని. ఆయన పరిగెడితే మోకాలి చప్పుడు మా స్టాండు దాకా వినిపిస్తుంది. ఆ మేనేజర్‌కి కళ్ళున్నాయో లేవో."

ఆమె చేతిలో కత్తెర ఆగింది.

ఆ మేనేజర్ ఆమె నాన్న.

రెండేళ్ళ కిందట ఆమె షాపు స్టేడియం పక్కనే ఉండేది. ఒక ఓటమి తర్వాత ఎవరో షట్టర్ మీద నాన్న గురించి రాయకూడని మాటలు రాసిపోయారు. రెండు రోజులు తోమినా పూర్తిగా పోలేదు. అప్పుడే షాపుని బస్సులో అరగంట దూరం ఉన్న ఈ వీధికి మార్చింది. మీ నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఆఫీసులో పని అనేది.

"ఉట్టి నంబరు ఉంచుకోండి," అంది తల ఎత్తకుండా. "నంబర్ని ఎవరూ అమ్మరు."

అతను మొదటిసారి నవ్వాడు. "పదకొండేళ్ళుగా ఈ బుద్ధి నాకెందుకు పుట్టలేదండీ?"

ఆ తర్వాత అతను వారం వారం వచ్చేవాడు. ఒకసారి జేబు చిరిగిందని, ఒకసారి జిప్పు పట్టేసిందని. ఎక్కువగా గుండీలు. ఆ నెలలో అతనికి ఊడినన్ని గుండీలు ఊళ్ళో ఇంకెవరికీ ఊడి ఉండవు. ఊడిన చోట దారం కత్తెర పెట్టినట్టు తిన్నగా ఉండేది. ఆమె చూసీ చూడనట్టు కుట్టి ఇచ్చేది.

వాన పడితే ఇంకా మంచిది. తగ్గేదాకా స్టూలు మీద కూర్చునేవాడు.

"నిన్న ఎంత?" అనేది ఆమె, తెలిసినా.

"మూడు సున్నా."

"మూడెవరిది?"

"అది కూడా అడగాలా?"

"ఇంత తిట్టుకుంటూ మళ్ళీ ఎందుకు వెళ్తారు?"

"ఆదివారం ఇంట్లో కూర్చుంటే ఒక్కణ్ణే బాధపడాలి. అక్కడైతే నాలుగువేల మందిమి కలిసి బాధపడతాం."

అతని తిట్లలో బూతు ఉండేది కాదు. ఇంట్లో వంట మాడిందని విసుక్కునే మనిషిలా విసుక్కునేవాడు. అందుకే ఆమెకు కోపం రాలేదు. కోపం రాకపోవడం చూసుకుని ఆమెకే భయం వేసింది.

ఇంటికి వెళితే ఇంకో భయం. నాన్న తడిసిన బూట్లు విప్పి, సోఫాలో కూర్చుని, కాగితం మీద పదకొండు పేర్లు రాసేవాడు. కొట్టేసేవాడు. మళ్ళీ రాసేవాడు.

"గెలిచినా ఓడినా తడిసిన మేజోళ్ళు ఉతికేది నేనే," అనేది అమ్మ. పైకి అలా అన్నా బీపీ మాత్రలు రోజుకి రెండు అయ్యాయని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది కూడా ఆవిడే. తెల్లవారుజామున ఎప్పుడు మెలకువ వచ్చినా నాన్న హాల్లో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడే. ఆయన కంటినిండా పడుకుని ఎన్ని నెలలయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఒక సోమవారం లిఫ్టు అతను ఎనిమిది మీటర్ల తెల్లగుడ్డ తెచ్చాడు.

"దీని మీద ఎర్ర అక్షరాలు కుట్టాలండి. రంగుతో రాస్తే వానకి కారిపోతోంది. మా స్టాండు వాళ్ళమంతా అనుకున్నాం." చీటీ ఇచ్చాడు. *మేనేజర్, దిగిపో.*

ఆమె చీటీని రెండుసార్లు చదివింది. కుట్టనంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే రేపటి నుంచి రాడు. అంతకంటే లోపల ఇంకో మాట ఉంది, అది తనకు తాను చెప్పుకోవడానికే సిగ్గుపడింది. నిజంగానే ఆ ఉద్యోగం పోతే, నాన్న పడుకుంటాడు.

"కుడతాను. కానీ గారు పెట్టాలి."

"ఎక్కడ?"

"మేనేజర్ పక్కన. వయసులో పెద్దాయన్ని దిగమనేటప్పుడు గారు లేకుండా నా మిషను మీద కుట్టను."

"తిట్టడానికి గారు ఏంటండీ. చెంపదెబ్బకి ముందు పౌడరు రాసినట్టుంటుంది."

"దయచేసి కూడా పెడతాను."

"మా వాళ్ళు నన్ను చూసి నవ్వుతారు."

"అయితే వేరే షాపు చూసుకోండి."

అతను వీధి వైపు చూశాడు, వాన వైపు చూశాడు, ఆఖరికి ఆమె వైపు చూశాడు. "ఎన్ని దయచేసిలు కావాలంటే అన్ని పెట్టండి," అన్నాడు నీరసంగా.

రెండు రోజులు కుట్టింది. గుడ్డ చాలకపోతే తన షాపులోని గుడ్డే అతికించింది. చేసే పని నచ్చకపోయినా చేతులకి వంకరగా కుట్టడం రాదు.

ఆదివారం ఆ బ్యానర్ వెనక స్టాండులో లేచింది. *మేనేజర్ గారూ, దయచేసి దిగండి.* టీవీ కెమెరా దాన్ని వదల్లేదు. మర్నాడు పేపర్లో ఆట ఫొటో చిన్నది, బ్యానర్ ఫొటో పెద్దది.

నాన్న టీ కప్పు పక్కన పెట్టి ఆ ఫొటోని చాలాసేపు చూశాడు.

"ఆ స్టేడియంలో నన్ను గారు అని నాలుగేళ్ళయింది," అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కుట్టు బాగుంది. అంత గాలికి ఒక్క అక్షరం ముడుచుకోలేదు."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ గురువారం షాపుకి సెలవు. వాళ్ళ అపార్ట్‌మెంటు లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఎవరో ఉన్నారని కబురు రాగానే లిఫ్టు అతను సంచి వేసుకుని వచ్చాడు. ఆమె ఇల్లు ఎక్కడో అతనికి తెలియదు.

"లోపల ఎవరండీ? కంగారు పడకండి, గాలి వస్తుంది."

"కంగారేం లేదు బాబూ. నిదానంగా కానివ్వు. ఇక్కడ ఫోన్ మోగడం లేదు, హాయిగా ఉంది."

"అదృష్టవంతులు. నాకు పొద్దున్నుంచీ మా టీము గొడవే. మీరు ఫుట్‌బాల్ చూస్తారా?"

"చూస్తుంటాను."

"అయితే మీరే చెప్పండి. చేతిలో ఉన్న గోల్‌కీపర్‌ని అమ్ముకున్న మేనేజర్‌ని ఏమనాలి?"

"గారు అనాలట కదా. పేపర్లో చూశాను."

అతను నవ్వుతూ నట్టు తిప్పాడు. "ఆ గారు నాది కాదండి. ఆ బ్యానర్ కుట్టిన అమ్మాయిది. పెద్దాయన్ని గారు లేకుండా దిగమంటే కుట్టనంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మీద కూడా అంత మర్యాద. ఆమె అంటే నాకు చాలా ఇష్టమండి. ఆమెకే ఇంకా చెప్పలేదు."

"చెప్పకుండా నాకెందుకు చెబుతున్నావు?"

"మీరు బయటికి రాలేరు కదా."

లోపల మనిషి దగ్గినట్టుగా నవ్వాడు. తర్వాత గొంతు మెల్లగా వచ్చింది. "గోల్‌కీపర్‌ని అమ్మలేదు బాబూ. అతనే అడిగాడు. భార్యకి నెలలు నిండుతున్నాయి, కాన్పు కష్టమన్నారట. సొంతూరి టీముకి పంపమన్నాడు, పేపర్లో రానివ్వద్దన్నాడు. అతని బదులు ముగ్గురు కుర్రాళ్ళని అడిగాను. ఓనర్లు ఆ మోకాలిని ఇచ్చారు."

అడిగాను అన్న మాట దగ్గర పానా ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. వారం వారం తాను దూరం నుంచి చూసే మొహం, ఇంత దగ్గరలో, ఇంత అలసిపోయి ఉంటుందని అతను అనుకోలేదు. అప్పుడే పైమెట్ల మీంచి నీళ్ళ సీసాతో దర్జీ అమ్మాయి పరుగున దిగింది.

"నాన్నా, కళ్ళు తిరగలేదు కదా?"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"లిఫ్టు బాగయింది," అన్నాడు అతను చివరికి. "ఎక్కొచ్చు." తను మాత్రం మెట్ల మీదుగా వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం కూడా టీము ఓడింది. సోమవారం ఓనర్లు నాన్నని తీసేశారు. మనిషి రాలేదు, ఫోన్లో రెండు లైన్ల మెసేజ్ వచ్చింది. ఆయన ఫోన్ బోర్లించి సోఫా మీద పడుకున్నాడు. పోనీలే, ఇప్పటికైనా నిద్రపోతున్నాడు అనుకుని ఆమె దుప్పటి కప్పబోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

అలా పది రోజులు. కంచం ముందు కూర్చునేవాడు, తినేవాడు కాదు.

లిఫ్టు అతను షాపుకి వచ్చేసరికి ఆమె షట్టర్ లాగుతోంది.

"పదకొండింటికే మూసేస్తున్నారా?"

"మీరు గెలిచారుగా. ఇంకేం కావాలి?"

"ఎవరూ గెలవలేదండి. కొత్త మేనేజర్ వచ్చి కూడా ఓడిపోయాం." సంచి కింద పెట్టాడు. "ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే గుండీలు ఊడేవి కావు."

అతను తల దించుకున్నాడు. "మీకు తెలుసా?"

"దర్జీనండి నేను." నవ్వబోయింది, ఏడుపొచ్చింది. "మీ మీద కోపం లేదు. నా చేతుల మీద కోపం. ఉద్యోగం పోతే ఆయన పడుకుంటారనుకున్నాను. ఇప్పుడు నడవడం కూడా మానేశారు."

"ఆదివారం మీ ఇంటికి రానా?"

"వద్దు."

"సరే," అన్నాడు.

ఆదివారం వచ్చాడు. అమ్మ తలుపు తీసింది.

"లిఫ్టు బాగానే ఉంది కదా బాబూ?"

"లిఫ్టు కోసం కాదండి. సార్ కోసం." జేబులోంచి మూడు టికెట్లు తీశాడు.

సోఫాలోంచి నాన్న అన్నాడు, "ఆ గేట్లోంచి నేను మళ్ళీ లోపలికి పోను."

"ఆ గేటు కాదు సార్. మాది వెనక గేటు. పైన రేకులు లేవు, వానొస్తే తడుస్తాం. అక్కడ మీరు ఏదీ తేల్చక్కర్లేదు. ఎవర్ని ఆడించాలో, ఎవర్ని కూర్చోబెట్టాలో ఎవరూ మిమ్మల్ని అడగరు. తిట్టడం ఒక్కటే పని."

"వాళ్ళు నన్ను చూస్తే..."

"వెళ్ళిరండి," అంది అమ్మ, స్వెటర్ ఆయన ఒళ్ళో పడేసి. "ఆ సోఫా కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది."

వెనక స్టాండులో అతన్ని అందరూ ఎరుగుదురు. పక్కన ఉన్నదెవరో చూడగానే మాటలు ఆగిపోయాయి. ఆమె నాన్న చెయ్యి పట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా చెవికి రేడియో ఆనించుకుని ఆట చూసే ఒక తాత ఆయన్ని ఎగాదిగా చూసి, పక్కకి జరిగాడు.

"ఆ బెంచీ తడిగా ఉంది. ఇటు కూర్చోండి."

అంతే.

సన్నగా వాన మొదలైంది. ఆమె ఇద్దరి మధ్యలో కూర్చుంది. ఆట నీరసంగా సాగుతోంది.

"ఆ రోజు లిఫ్టు దగ్గర మీ నాన్నగారితో ఒక మాట అన్నాను," అన్నాడు అతను, గ్రౌండు వైపే చూస్తూ. "మీకు చెప్పాల్సింది ఆయనకి చెప్పేశాను."

"ఏం మాట?"

"ఆయన్నే అడగండి. నాకు ఇంకోసారి ధైర్యం రాదు."

ఆమె నాన్న వైపు తిరిగింది. ఆయన కళ్ళు ఆట మీదే ఉన్నాయి.

"నువ్వంటే ఇష్టమన్నాడు. ఆ రైట్ బ్యాక్ ఎక్కడ నిలబడ్డాడో చూడు, పెళ్ళికొచ్చిన చుట్టంలాగా."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఏం చెయ్యాలో తెలియక అమ్మ ఇచ్చిన బిస్కెట్ల పొట్లం విప్పింది. నాన్న ఒకటి తీసుకున్నాడు. చూడకుండానే ఇంకోటి తీసుకున్నాడు. ఆమె పొట్లం అలాగే పట్టుకుని కూర్చుంది.

ఇంతలో కొత్త మేనేజర్ ఒక కుర్ర ఆటగాణ్ణి వెనక్కి పిలిచి మోకాలాయన్ని ఆటలోకి దింపాడు. నాన్న లేచి నిలబడ్డాడు.

"ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తీసేస్తారా? పరిగెత్తేది వాడొక్కడే కదయ్యా. ఎవరండీ ఈ బుర్రలేని పని చేసింది?"

స్టాండంతా ఆయన వైపు తిరిగింది. "అదీ మాట," అన్నాడు రేడియో తాత.

రెండు సున్నా. ఓడిపోయారు. తిరుగు బస్సులో నాన్నకి కిటికీ పక్కన చోటు దొరికింది, ఆయన పక్కన లిఫ్టు అతను కూర్చున్నాడు. ఎదురు సీట్లో ఆమె. మూడు స్టాపులదాకా నాన్న ఆ రైట్ బ్యాక్ గురించి చెబుతూనే ఉన్నాడు. నాలుగో స్టాపు దగ్గర మాట మధ్యలో ఆగింది. తల మెల్లగా వాలి అతని భుజానికి ఆనుకుంది. నోరు కొంచెం తెరుచుకుంది. గురక మొదలైంది.

మన స్టాపు వచ్చిందని ఆమె లేవబోయింది. అతను వద్దన్నట్టు కళ్ళతోనే చెప్పాడు.

"చివరిదాకా వెళ్ళి ఇదే బస్సులో వెనక్కి వద్దాం," అన్నాడు గుసగుసగా.

"అమ్మ కంగారు పడుతుంది."

"ఫోన్ చెయ్యండి."

ఆమె అమ్మకి ఫోన్ చేసింది. "ఆలస్యమవుతుందమ్మా. నాన్న నిద్రపోతున్నారు."

అమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "నిద్రా? ఎక్కడ?"

ఆమె ఎదురు సీటు వైపు చూసింది. తడిసిన జుట్టు, చలికి బిగుసుకున్న భుజం, కదిలితే ఎక్కడ లేస్తారోనని ఊపిరి కూడా ఆచితూచి తీసుకుంటున్న మనిషి.

"నీ అల్లుడి భుజం మీద," అంది.

అతను ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడే వీలు లేదు.

"సరే," అంది అమ్మ. "మెల్లగా రండి. లేపకండి."