వెలుతురు పడ్డ రీలు

కాదు, గదిలో కాదు, వరండాలోనే తెరవాలి. గదిలో అయితే ఏం జరుగుతోందో అన్నకు అర్థమయ్యేలోపే అయిపోతుంది. వరండాలో ఎనిమిదిన్నరకల్లా ఎండ గోడ దాకా వస్తుంది. అక్కడ నిలబడి, అతను చూస్తుండగా, కెమెరా ఎడమవైపు గుండీని పైకి లాగితే చాలు, వెనక మూత టక్కున తెరుచుకుంటుంది. కానీ మూత తెరవడంతో సరిపోదు. పైచుట్లే పాడవుతాయి, లోపలి చుట్లలో రెండో మూడో బొమ్మలు బతికిపోవచ్చు. ఒక్కటి కూడా బతకకూడదు. ఫిల్మును బయటికి లాగాలి, మొత్తం, చీర కుచ్చిళ్ళు విప్పినట్టు నెమ్మదిగా.

పాలు పొంగబోతుంటే స్వర్ణలత స్టవ్ తగ్గించింది. టీపొడి వేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

ఆదివారం కాబట్టి ఆమెకు ఎయిర్‌పోర్టులోని కార్గో ఆఫీసుకు వెళ్ళే పని లేదు. శంషాబాద్ పాత ఊరివైపున్న ఆ ఇంటి మీదుగా విమానాలు దిగుతూనే ఉన్నాయి. ఇంట్లో వాళ్ళు వాటి కోసం తల ఎత్తడం ఎప్పుడో మానేశారు. తల్లి జంగమ్మ గడప దగ్గర కూర్చొని గోంగూర తెంపుతోంది. అన్న వీరేందర్ వరండాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. అతని తలకు జానెడు దూరంలో, బట్టలారేసే తీగ మీద, నల్లటి ఫిల్ము పట్టీ ఒకటి క్లిప్పుకు వేలాడుతోంది. పది నెలలుగా అక్కడే ఉంది. వానకు తడిసి, ఎండకు వంకరపోయింది. గాలికి కదిలి చెవికి తగిలితే అతను తల కాస్త పక్కకు జరుపుకుంటాడు. దాన్ని తీయడు, తీయమని అడగడు. అడిగితే ఏం జవాబివ్వాలో ఆమె ఎప్పుడో సిద్ధం చేసుకుంది. అతను అడగకపోవడం వల్ల ఆ జవాబు లోపలే ఉండి పదునెక్కింది.

ఆ నల్ల పట్టీలో ఆమె తండ్రి, బాపు, ఉన్నాడు. ఉండాలి.

భర్తతో పొసగక పుట్టింటికి తిరిగొచ్చిన ఏడాది, జుమ్మేరాత్ బజార్‌లో ఆమె ఈ పాత రీలు కెమెరా కొన్నది. అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్న కాలంలో ఫిల్ము కోసం కోఠీ దాకా వెళ్ళేది. బాత్రూం తలుపు సందుల్లో దుప్పటి దోపి, బకెట్ నీళ్ళలో ఫ్రిజ్ ఐసు వేసి మందును చల్లబరచి, ఫిల్మును తానే కడిగేది. బాపు సోమయ్య మొదట్లో నవ్వాడు. తర్వాత తలుపు బయట స్టూలు వేసుకొని, చేతి గడియారం చూస్తూ నిమిషాలు చెప్పడం తన ఉద్యోగం చేసుకున్నాడు. ఆరైంది బిడ్డా, ఏడైంది బిడ్డా, ఇగ పారబొయ్యి అనేవాడు. చీకట్లో ఆ గొంతు వినడం కోసమే ఆమె కొన్నిసార్లు అవసరం లేకపోయినా ఇంకో రీలు కడిగేది.

బాపు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక, చివరి వారంలో ఒక రీలంతా అతన్నే తీసింది. రుమాలు చుట్టుకుంటున్న చేతులు, సాసర్లో పోసుకున్న టీ, నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చిన ముఖం. రీలు పూర్తయిన మర్నాడు పొద్దున బాత్రూం చీకట్లో కూర్చొని, ఆ ఫిల్మును కడిగే డబ్బాలోని చక్రానికి చుడుతోంది. సగం చుట్టింది. అప్పుడు గొళ్ళెం ఊడి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అన్న. అతని వెనక పట్టపగటి వెలుతురు.

కడిగితే రీలు మొత్తం నల్లగా వచ్చింది.

బాపు నిద్రలోనే పోయాడని, తాను చూసేసరికే ప్రాణం లేదని వీరేందర్ ఆ రోజే అందరికీ చెప్పాడు. ఆమె పగకు వేరు ఆ మాటే. పోయినవాడి కోసం తలుపు విరగ్గొట్టాలా? అప్పటికే ఆగిపోయిన మనిషి ఇంకో రెండు నిమిషాలు ఆగడా? బతికి ఉన్నవి ఆ ముప్పై ఆరు ముఖాలే. వాటిని అన్న చంపాడు. తప్పయిందని ఒక్కసారి కూడా అనలేదు.

ఆ రోజు నుంచి ఆమె అతనితో నేరుగా మాట్లాడలేదు. చెప్పాల్సింది తల్లితో చెప్పేది. మార్చిలో అతని కొడుకును ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్‌కు కెమెరా పట్టుకు తిరిగింది, కానీ ఏ ఫోటోలోనూ అతని ముఖం రానివ్వలేదు. భుజం దగ్గర కోసింది, మెడ దగ్గర కోసింది. అలా కోస్తున్నప్పుడల్లా ఒంట్లో సన్నటి తీపి. అది తీపేనని తనకు తాను దాచుకోలేదు.

తర్వాత అదృష్టం ఆమెవైపు తిరిగింది. వదిన మాధవీలత తండ్రి చెన్నయ్య ఎనిమిది రోజుల కింద బడంగ్‌పేట్‌లో గుండె ఆగి పోయాడు. ఫంక్షన్ ఫోటోల కోసం వెళితే, జల్‌పల్లి స్టూడియో నుంచి ఆ రోజు ఫోటోలు తీసిన అతను, కెమెరా మెమరీ కార్డు చెరిపి దాని మీద ఇంకో పెళ్ళి తీసేశానని చేతులు జోడించాడు. ఆ రోజు అతను ఉన్నాడు కదా అని ఎవరూ ఫోన్లు బయటికి తీయలేదు. చెన్నయ్య మనవడిని ఎత్తుకున్న బొమ్మలు ఇక ప్రపంచం మొత్తంలో స్వర్ణలత కెమెరాలోనే ఉన్నాయి. కోడలి కోసం జంగమ్మ రోజూ వచ్చి అడిగింది. రీలు ఇంకా పూర్తి కాలేదని ఆమె రోజూ చెప్పింది. ఈ పొద్దున మిగిలిన మూడు ఫోటోలూ ఖాళీ గోడను తీసేసి రీలు పూర్తి చేసింది. ఎల్లుండి దినాలు. తండ్రికి బదులు తండ్రి. ఇంతకన్నా సరిగ్గా అమరదు.

టీ గ్లాసులు కడుగుతుంటే బయట ఆటో ఆగిన చప్పుడు. దినాలయ్యేదాకా పుట్టింట్లోనే ఉంటుందనుకున్న మాధవీలత దిగింది. తలకు నూనె లేదు. పసివాణ్ణి అత్త ఒడిలో పెట్టి, మొగుడివైపు చూడకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"స్వర్ణా, రీలు అయిందా?"

"ఇయ్యాల్నే అయింది వదినా."

"కడుగుతవా మరి?"

స్వర్ణలత చేతులు తుడుచుకుంది. గదిలోకి వెళ్ళి కెమెరా తీసుకొని వరండాలోకి నడిచింది. ఎండ గోడ దాకా వచ్చింది, తాను అనుకున్నట్టే. వీరేందర్ ముఖంలో సగానికి ఇంకా సబ్బు నురగ ఉంది.

"అన్నా, ఇటు చూడు."

పది నెలల తర్వాత ఆ పిలుపు. అతను గిర్రున తిరిగాడు. నురగ లేని సగం ముఖంలో ఏదో వెలిగింది, దాహమైనవాడికి చెంబు కనబడినట్టు. దాన్ని చూసి ఆమెకు తృప్తి కలిగింది. ఆర్పడానికి ఏదో ఒకటి వెలగాలి కదా. కెమెరాను ఎండలోకి చాపి బొటనవేలు, చూపుడువేలు గుండీ మీద వేసింది.

"ఇది దెరిస్తే ఏమైతదో నీకు ఎరుకే గద. ఈ ఇంట్ల నీకే ఎక్కువ ఎరుక."

అతను బ్లేడు కింద పెట్టాడు. కోపముంటే తనను అనమని, మాధవి ఏం చేసిందని మెల్లగా అడిగాడు. ఆ మెల్లదనం ఆమెను ఇంకా రగిలించింది.

"మరి బాపు ఏం జేసిండు? పోయినంక ఇగ నీకేం తొందరుండె? పోయిన మనిషి కోసం రెండు నిమిషాలు ఆగలేకపోతివి."

వీరేందర్ తువాలు అందుకున్నాడు. ఆమె వేళ్ళు గుండీని కొద్దిగా పైకి లాగాయి.

"పోలే," అంది మాధవీలత.

"నువ్వు ఊకో మాధవీ," అన్నాడు అతను.

"ఎన్నొద్దులు ఊకోవాలె? మామ అప్పటికి పోలే స్వర్ణా. మాటలొస్తనే ఉండె."

ఆమె ఏడవకుండా, గొంతు పెంచకుండా చెప్పింది. ఆ పొద్దున సోమయ్యకు ఎగశ్వాస మొదలైంది. స్వర్ణను పిలవమన్నాడు. వీరేందర్ వెళ్ళి తలుపు కొట్టాడు. రెండు నిమిషాలని లోపలి నుంచి జవాబొచ్చింది. అతను తలుపు తోయబోతే మంచం మీది నుంచి సోమయ్యే చెయ్యి ఎత్తి వద్దన్నాడు.

"వెలుతురు పడితే ఖరాబైతది, కానియ్యి అన్నడు. గా మాటంటానికే ఎంతసేపు బట్టిందో. రెండోసారి గొడితే గూడ నువ్వు గదే అన్నవ్. మూడోసారి మామకు కండ్లు తేలబడ్డయి. అప్పుడు నూకిండు మీ అన్న తలుపు. నువ్వు కింద గూసోని రీలు ఎత్తుకుంట తిడుతున్నవ్. మామ నా చెయ్యి పట్టుకోని పోయిండు."

స్వర్ణలత తల్లివైపు చూసింది. జంగమ్మ పసివాడి వీపు నిమురుతోంది. కోడలి మాటను కాదనలేదు. తల ఎత్తనూ లేదు. అంటే ముగ్గురికీ తెలుసు. పది నెలలుగా ముగ్గురూ తనకు అన్నం వడ్డించారు.

తలుపు చప్పుడు. అది తనకు గుర్తు లేదనే అనుకుంది. ఆ పొద్దును ఆమె తనకు తాను వందలసార్లు చెప్పుకుంది. ప్రతిసారీ అది గొళ్ళెం ఊడటంతోనే మొదలయ్యేది. ఇప్పుడు దాని వెనక్కు పోయి చూసింది. అక్కడ చీకటి ఉంది, వేళ్ళ మధ్య ఫిల్ము అంచు ఉంది, తలుపు మీద చేతి దెబ్బ ఉంది. ఇంకా తన గొంతు. తెరవకు, రెండు నిమిషాలు. విసుగ్గా. మళ్ళీ ఇంకోసారి, ఇంకాస్త విసుగ్గా. ఎవరో చెప్తే తెలిసిన విషయంలా లేదు అది. అక్కడే ఉంది. తాను అటువైపు ఎప్పుడూ తిరగలేదు, అంతే. నిమిషాలు చెప్పే మనిషి తలుపవతల మంచం మీద ఎలా ఉన్నాడో అడగాలని కూడా చీకట్లో ఆమెకు తట్టలేదు.

"నిద్రల పోయిండని ఎందుకు జెప్పినవ్?" అని అడిగింది.

వీరేందర్ తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకేం జెప్పాలె? నా మీద కోపమన్న ఉంటే తిని పండుకుంటవ్ అనుకున్న."

ఎటు పోవాలో తెలియని పగ ఒక్క క్షణం మళ్ళీ అతని మీదికే లేచింది. ఎవరడిగారు ఈ దయ? ఆ నల్ల పట్టీ చెవికి తగులుతుంటే రోజూ మౌనంగా నిలబడమని ఎవరడిగారు? అతను ఒక్కసారి తిరిగి అరిచి ఉంటే తాను ఇంత దూరం వచ్చేది కాదు కదా. కానీ ఆ కోపానికి నిలబడే చోటు లేదు. కళ్ళలో నీళ్ళు ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు, గడ్డం దాకా వచ్చాకే తెలిసింది.

మాధవీలత కొడుకును అత్త ఒడిలోంచి ఎత్తుకుంది.

"మా నాయినది రేషన్ కార్డు మీది ఫోటో ఒక్కటే ఉన్నది. దాంట్ల మొఖం గూడ సక్కగ లేదు. ఇస్తె ఇయ్యి, లేకుంటే ఇడిసెయ్యి. ఇగ నేను అడుగ."

స్వర్ణలత వేళ్ళు ఇంకా ఆ గుండీ మీదే ఉన్నాయి. దాన్ని కిందికి నొక్కింది. కెమెరా అడుగున ఉన్న చిన్న మీట నొక్కి, గుండీలో మడిచి ఉన్న పిడిని విప్పి తిప్పడం మొదలుపెట్టింది. లోపల ఫిల్ము బిగువుగా కదిలింది. ఆమె నెమ్మదిగా తిప్పింది. కొంతసేపటికి కొస జారినట్టు చిన్న చప్పుడయి పిడి వదులుగా తిరిగింది. ఇంకా కొన్ని చుట్లు తిప్పింది.

తర్వాత గుండీని పైకి లాగింది. వెనక మూత ఎండలోకి టక్కున తెరుచుకుంది.

వీరేందర్ ఒక అడుగు ముందుకు వేశాడు. మాధవీలత కళ్ళు మూసుకుంది. ఫిల్మంతా తన డబ్బీలోకి చుట్టుకుపోయిందని, ఇక ఏ వెలుతురూ దాన్ని ముట్టలేదని వాళ్ళకు తెలియదు. స్వర్ణలత ఆ డబ్బీని రెండు వేళ్ళతో బయటికి తీసి, పసివాడి కింద ముడుచుకుని ఉన్న వదిన అరచేతిని తెరిచి, అందులో పెట్టి, ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా మూసింది.