చెమట పట్టే షీట్

"మీ చెల్లెల్ని దోచుకోబోతున్నారు," అన్నాడు చీఫ్ చక్రపాణి, తాపీగా టీ తాగుతూ.

ఏజెంట్ కృపాకర్ కుర్చీలో కదల్లేదు. ఇలాంటి బ్రీఫింగులు అతనికి కొత్త కాదు. వాటిలో ఇంటి మనిషి పేరు వినపడటం మాత్రం ఇదే మొదలు.

"ఎవరు సార్?"

"ఆస్ట్రవెల్. పైకి విదేశీ సోలార్ కంపెనీ. లోపల గూఢచారుల రింగ్. టార్గెట్, మీ చెల్లి లిదియా తయారుచేసిన షీట్. దాని సంగతి ఏమైనా తెలుసా?"

"ప్యానెల్స్‌ని చల్లబరుస్తుందని చెప్పింది సార్. అంతకుమించి నేను అడగలేదు."

"వాళ్ళు అడిగారు. సోలార్ ప్యానెల్‌కి వెలుతురు కావాలి, వేడి అక్కర్లేదు. మే నెల ఎండకి అరవై డిగ్రీలు దాటి కాలిపోతుంది. వేడెక్కిన కొద్దీ కరెంటు తగ్గిపోతుంది. మీ చెల్లి షీట్‌ని ప్యానెల్ వెనక అతికిస్తే రాత్రంతా గాలిలో తేమ తాగుతుంది. పగలు మనిషికి చెమట పట్టినట్టు ఆ తేమని వదులుతూ ప్యానెల్‌ని చల్లబరుస్తుంది. పంపు లేదు, ఫ్యాను లేదు. అలాంటి షీట్ ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఎంకపల్లిలో, రేకుల షెడ్డులో. గార్డు కూడా లేడు."

"ఎందుకు లేడు?"

"బడ్జెట్ లేదు."

ఎక్కడో సముద్రాల అవతల ఉన్న దొంగలకు తెలిసిన విలువ, ఇక్కడి ఆఫీసుల్లో ఒక్కడికీ తెలియలేదన్నమాట, అనుకున్నాడు కృపాకర్.

"రింగ్‌లో మన మనిషి ఉంది. తన్వి. వాళ్ళ కన్సల్టెంటుగా చేర్పించాం. ప్రమాదం ఉంటే 'ఎండ ముదిరింది' అంటుంది. లేకపోతే 'మబ్బు పట్టింది'. నువ్వు ప్యానెళ్ళు కడిగే కూలీ వేషంలో వెళ్తావు."

"మా సొంత ఊరికి మారువేషమా సార్?"

"ప్రొసీజర్," అన్నాడు చక్రపాణి.

విదేశాల నుంచి తెప్పించిన ఏజెన్సీ పెట్టుడు గడ్డం ఎంకపల్లిలో షెడ్డు గేటు దాకా నిలబడింది. గేటు దగ్గర కృపాకర్ తల్లి ధనమ్మ ఎదురైంది.

"గా గడ్డమేందిరా కృపా? ఎండల దురద పెడ్తలేదా? తీసేసి లోపటికి రా, అన్నం తిను."

కృపాకర్ బుద్ధిగా గడ్డం తీసి జేబులో పెట్టుకున్నాడు. తల్లి ఎదుట ఏ ఏజెన్సీ వేషమూ పనిచెయ్యదు.

షెడ్డు మధ్య బల్ల మీద షీట్ పరిచి ఉంది. బూడిద రంగు, దుప్పటంత వెడల్పు, ముట్టుకుంటే కుండ అడుగులా చల్లగా ఉంది. లిదియా దాన్ని నిమురుతూ మాట్లాడింది.

"ఎనిమిదేండ్లాయె అన్నా. తిరగని ఆఫీసు లేదు. ప్రతి ఒక్కడు వెరీ ఇంట్రెస్టింగ్ అనుడే, సంతకం పెట్టినోడు లేడు. ఇయ్యాల మన ఊరి బోరు మోటర్ల ప్యానెల్స్ మీద ట్రయల్ చేస్తున్న. మంచిగ నడిస్తే ముందుగాల మన రైతులకే ఇస్త, ఉత్తగనే. ఇది వేరేటోళ్ళ చేతిల పడిందనుకో, వాళ్ళ పేరు మీద పేటెంటు చేసుకొని మల్ల మనకే అమ్ముతరు."

"ఇంకొకటి చెయ్యరాదా?"

"దీన్ని మొక్క లెక్క పెంచనీకెనే రెండేండ్లు పట్టింది. పెట్టెల పెట్టి మూస్తే చస్తది, గాలి ఆడాలె. మల్ల మొదటి నుంచి చేసే ఓపిక నాకు లేదన్నా."

ఆ మాట అంటున్నప్పుడు చెల్లెలి కళ్ళ కింద నల్లటి చారలు కృపాకర్ కంట పడ్డాయి. ఈ షీట్‌ని ఎవడు ముట్టుకున్నా వదిలేది లేదనుకున్నాడు.

అంతలో గేటు ముందు తెల్ల కారు ఆగింది. వెనకే ఒక షేర్ ఆటో వచ్చి పక్కన నిలబడింది. కారులోంచి తన్వి దిగింది. నీలం పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, పది అడుగుల దూరానికే తెలిసే సెంటు. ట్రయల్ చూడటానికి వచ్చిన కన్సల్టెంటునని అందరికీ నమస్కారం పెట్టింది. కృపాకర్ దగ్గరకు వచ్చి, మంచినీళ్ళు అడుగుతున్నట్టు వంగి, "మబ్బు పట్టింది," అంది.

ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. కృపాకర్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా ఏదీ మొదలవదు. బోరు వేసినా, ట్రాక్టరు కొన్నా, పిల్లలు పరీక్షకు పోయినా ముందు ధనమ్మ ప్రార్థన చెయ్యాల్సిందే. అందరూ చెప్పులు విడిచి బల్ల చుట్టూ నిలబడ్డారు. ఆడవాళ్ళు తల మీద కొంగు కప్పుకున్నారు. తన్వి కూడా కప్పుకుంది.

"ప్రేమగల తండ్రీ..." అని ధనమ్మ మొదలుపెట్టింది.

కృపాకర్ కళ్ళు మూసుకున్నాడు.

ఒక కన్ను తెరిచి నిద్రపోవడం నేర్చినవాడు. వీపు వెనక అడుగు చప్పుడు విని మనిషి బరువు చెప్పగలవాడు. కానీ తల్లి ప్రార్థన చేస్తుంటే కళ్ళు తెరిచి ఉంచడం అతనికి ఏ అకాడెమీ నేర్పలేదు. చిన్నప్పుడు ప్రార్థనలో కన్ను తెరిస్తే ధనమ్మ తొడపాశం పెట్టేది. ధనమ్మ వానల కోసం ప్రార్థించింది, బిడ్డ కష్టం ఫలించాలని ప్రార్థించింది, కొడుక్కి ఆ గడ్డం పిచ్చి వదలాలని కూడా ప్రార్థించింది.

"...ఆమెన్."

కళ్ళు తెరిచేసరికి బల్ల ఖాళీగా ఉంది. తన్వి లేదు. కారూ లేదు, ఆటో కూడా లేదు.

లిదియా ఖాళీ బల్లను చేత్తో తడిమి చూసింది, అంతే. కృపాకర్ ఆ దృశ్యం చూడలేక బయటికి పరుగెత్తాడు.

అతని ఫోను అందుకుని మొయినాబాద్‌లో పోలీసులు తన్వి కారును ఆపారు. కృపాకర్ అక్కడికి చేరేసరికి డిక్కీ, సీట్లు, టైర్లు అన్నీ వెతికారు. ఏమీ లేదు.

"మీ అమ్మగారి ప్రార్థన బాగుందండీ," అంది తన్వి. "తీరిగ్గా ఉంది."

"మబ్బు పట్టిందన్నావు."

"మీరు నమ్మారు."

కృపాకర్ కారు వదిలి చౌరస్తా వైపు తిరిగాడు. కారులో లేదంటే మిగిలింది గేటు దగ్గర నిలబడిన ఆ ఆటోయే. కానీ మొయినాబాద్‌లో షేర్ ఆటోలకు కరువా? చౌరస్తాలో వరసగా బోలెడు నిలబడి ఉన్నాయి, అన్నీ ఒకేలా. చెల్లెలి మాట గుర్తొచ్చింది. మూస్తే చస్తది, గాలి ఆడాలె. గాలి ఆడితే చల్లబరుస్తుంది కూడా. జేబులోంచి వేడిని రంగుల్లో చూపించే థర్మల్ గ్లాసెస్ తీసి పెట్టుకున్నాడు.

ఎండకు కాగిన ఆటోల టాపులన్నీ అద్దాల్లో ఎర్రగా మండుతున్నాయి. చేవెళ్ల రోడ్డు ఎక్కుతున్న ఒక్క ఆటో టాపు మాత్రం నీలంగా ఉంది.

కృపాకర్ పక్కనున్న ఆటో ఎక్కాడు. "పోనియ్ అన్నా! ఆ ముందటి ఆటో ఎనక!"

"సవారీలు నిండనియ్ సార్," అన్నాడు డ్రైవర్ బాలప్ప, కదలకుండా.

"సవారీలన్నీ నేనే! పోనియ్!"

ముందున్న ఆటో పారిపోయే ఆటోలా లేదు. చౌరస్తాలో జనం ఎగబడి ఎక్కేశారు. వద్దంటే అనుమానం వస్తుందని దొంగ డ్రైవర్ నోరు మూసుకున్నాడు. తీరా పక్క ఊరు హిమాయత్‌నగర్ మలుపు దగ్గర ఆపి దిగమంటే ఒక్కరూ దిగలేదు.

"ఎందుకు దిగుతం?" అంటోంది, కృపాకర్ ఆటో అక్కడికి చేరేసరికి, ముందు సీట్లో కూర్చున్న అంతమ్మ అనే ముసలామె. "ఇంత సల్లటి ఆటో ఇప్పటిదాక ఎక్కలే. ఎటు పోతవో పో బిడ్డా, మేం గూడ వస్తం."

మలుపులో నల్ల ఎస్‌యూవీ ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. కిటికీలో ఒక తెల్లదొర. ఆస్ట్రవెల్ రింగ్ లీడర్ హాల్డెన్. దొంగ డ్రైవర్ ఇక లాభం లేదని కత్తి తీసి, టాపు లోపల అతికించిన షీట్‌ను లాగి, ఎస్‌యూవీ కిటికీ వైపు పరుగెత్తాడు. కృపాకర్ వాచీ నొక్కాడు. అందులోంచి దూసుకొచ్చిన మత్తు సూది మెడలో దిగి డ్రైవర్ కూలబడ్డాడు. అప్పటికే షీట్ ఒక కొస హాల్డెన్ చేతిలో ఉంది. ఎస్‌యూవీ కదిలింది. కృపాకర్ రెండో కొస పట్టుకుని, బండి తనను రోడ్డు మీద ఈడ్చుకుపోతుండగానే పిస్టల్‌తో వెనక టైరును కాల్చాడు. బండి పొలం గట్టుకు గుద్దుకుని ఆగింది.

మోచేతులు చీరుకుపోయాయి. షీట్ మాత్రం చెక్కుచెదరలేదు. కృపాకర్ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

కానీ అది లిదియాకు చేరలేదు. ఎవిడెన్స్ అని ఢిల్లీ పట్టుకుపోయారు. హాల్డెన్‌ను సాయంత్రానికల్లా ఒక ఫోన్ కాల్ మీద వదిలేశారు. తన్వి మీద కేసు పెట్టడం దేశ భద్రత రీత్యా మంచిది కాదన్నారు.

వానలు మొదలుకాకముందే చేవెళ్లలో పెద్ద టెంటు వేశారు. చల్లబరిచే సోలార్ టెక్నాలజీని ఆస్ట్రవెల్ కంపెనీకి అప్పగిస్తూ ప్రభుత్వ ఒప్పందం. స్టేజీ మీద హాల్డెన్, పక్కన ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి చెబుతూ తన్వి. లిదియాకు ఒక శాలువా కప్పి, మైకు ఇవ్వకుండా దించేశారు.

సెక్యూరిటీ డ్యూటీలో ఉన్న అన్న దగ్గరకు ఆమె నేరుగా వచ్చింది.

"వాళ్ళు దొంగతనం చేసిననాడే వదిలిపెట్టాల్సిండె అన్నా. కనీసం దొంగలని తిట్టుకుంట బతికేదాన్ని. నువ్వు దొంగల చేతిలకెళ్ళి గుంజుకొచ్చి, పెద్దమనుషుల చేతుల పెట్టినవ్. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె?"

ఆమె శాలువాను కుర్చీ మీద పడేసి ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది. వెనక నుంచి పిలవడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు.

చప్పట్లు మోగాయి. చెవిలోని ఇయర్‌పీస్ గరగరమంది.

"కృపాకర్, రిపోర్ట్," అన్నాడు చక్రపాణి. "అనుమానించాల్సిన మనుషులు ఎవరైనా కనిపిస్తున్నారా?"

కృపాకర్ స్టేజీ వంక ఒకసారి చూశాడు.

"ఉన్నారు సార్. అందరికీ కుర్చీలు వేశారు."